పోటీలు ఆగినప్పుడు క్విజ్ బృందాన్ని నిలబెట్టిన సరంజామా: చాలాకాలం వాడాక ఒక సమీక్ష

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించాక హాళ్లు మూతపడ్డాయి, క్విజ్‌లు తెర మీదికి వచ్చాయి. అప్పుడు కూర్చుకున్న సరంజామా ఇది: క్విజ్‌మాస్టర్ గొంతుకి జూమ్, జట్టు గదులకి డిస్కార్డ్ (వాయిస్, టెక్స్ట్ ఛానెళ్లు ఉండే చాట్ యాప్), బజర్‌కి బ్రౌజర్‌లో నడిచే బజర్ గది, స్కోరుకి గూగుల్ షీట్స్, నేర్చుకోవడానికి ఆంకీ (ప్రశ్న-జవాబు కార్డుల్ని మరిచిపోకుండా రోజుల తేడాతో మళ్లీ మళ్లీ అడిగే యాప్). హాళ్లు తెరిచాక కూడా వారం వారం దీన్నే వాడుతున్నాం. తీర్పు ముందే చెప్పేస్తే, పౌన్స్-బౌన్స్ క్విజ్‌కి (తమ వంతు కాకపోయినా జవాబు రహస్యంగా రాసివ్వడం పౌన్స్, చెప్పలేని ప్రశ్న పక్క జట్టుకి వెళ్లడం బౌన్స్) ఇది చక్కగా సరిపోయింది. బజర్ క్విజ్‌కి సగమే పనికొచ్చింది. నేర్చుకునే విషయంలో మాత్రం హాల్లో కంటే ఇక్కడే ఎక్కువ లాభం.

రెండు యాప్‌లు ఎందుకు అంటే, డిస్కార్డ్‌లో ఒక ఖాతాతో ఒకేసారి రెండు వాయిస్ ఛానెళ్లలో ఉండలేం. జట్టు గదిలోకి వెళ్లి మాట్లాడుకుంటే క్విజ్‌మాస్టర్ వినపడడు. అందుకే ప్రశ్న జూమ్‌లో, గుసగుస డిస్కార్డ్‌లో. కంప్యూటర్ మీద ఈ ఏర్పాటు హాయిగా నడుస్తుంది. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకి నడవదు, రెండు యాప్‌లూ మైక్ కోసం పోట్లాడుకుంటాయి. వాళ్లు జూమ్‌లో వింటూ జట్టు టెక్స్ట్ ఛానెల్‌లో టైపు చేయడమే మేలు. జట్టులో ఒక్కరు ఫోన్ మీద ఉన్నా మిగతావాళ్లు కూడా టెక్స్ట్‌లోకే రావాలని మేం నియమం పెట్టుకున్నాం, లేకపోతే ఆ ఒక్కరు మూగగా మిగిలిపోతారు. జట్టు గదిలో మాట్లాడేటప్పుడు జూమ్ మైక్ మ్యూట్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. ఎక్కువ జవాబులు బయటపడేది అక్కడే.

జూమ్ ఉచిత ఖాతాలో గ్రూపు మీటింగ్ 40 నిమిషాలకి తెగిపోతుంది. దీన్ని అడ్డంకిగా కాకుండా విరామంగా వాడుకున్నాం: 12 ప్రశ్నలు, పది నిమిషాల విరామం, మళ్లీ 12 ప్రశ్నలు. తెర ముందు ఇంతకుమించి కూర్చోబెడితే చివరి ప్రశ్నలకి జవాబులు కాదు, నిట్టూర్పులు వస్తాయి. రోజంతా సాగే టోర్నమెంట్ల కంటే వారానికోసారి గంటన్నర క్విజ్ బృందాన్ని ఎక్కువ కాలం పట్టి ఉంచింది.

పౌన్స్ దగ్గర కాసేపు ఆగాలి. డిస్కార్డ్‌లో జట్టుకో రోల్ (ఎవరికి ఏ ఛానెల్ కనపడాలో తేల్చే గుర్తింపు) పెట్టి, ఆ జట్టు ఛానెల్ మిగతా అందరికీ కనపడకుండా చేసి, జట్టు రోల్‌కీ క్విజ్‌మాస్టర్ రోల్‌కీ మాత్రమే తెరవాలి. మొదలుపెట్టే ముందు ఇంకో ఖాతాతో లోపలికి వచ్చి ఏమేం కనపడుతున్నాయో చూడడం తప్పనిసరి. ఒక్క అనుమతి పొరపాటున తెరిచి ఉంటే ఎదుటి జట్టు పౌన్సులన్నీ కళ్లముందు ఉంటాయి. క్విజ్‌మాస్టర్ 'పౌన్స్ ఓపెన్' అన్నాక 30 సెకన్లు, 'క్లోజ్' అన్నాక వచ్చింది చెల్లదు. ఇక్కడ ఒక కిటుకు: మెసేజ్ మారిస్తే పక్కన మార్చినట్టు గుర్తు పడుతుంది గానీ, చెరిపేస్తే ఛానెల్‌లో ఏ ఆనవాలూ ఉండదు. ఎవరి మెసేజ్ వాళ్లు చెరిపేయకుండా ఆపే వీలు కూడా లేదు. అందుకని మొదటి మెసేజే లెక్క అని ముందే చెప్పి, స్కోరర్ వచ్చినవి వచ్చినట్టు షీట్‌లో ఎక్కించుకోవాలి.

ఆరు జట్ల దాకా ఈ పద్ధతి బాగుంటుంది. అది దాటితే ఛానెల్ తర్వాత ఛానెల్ తెరిచి చూసేసరికి క్విజ్ ఊపు పోతుంది. అప్పుడు గూగుల్ ఫామ్‌కి మారండి: జట్టు పేరు, ప్రశ్న నంబరు, జవాబు, అంతే. పౌన్సులన్నీ ఒకే షీట్‌లో టైముతో సహా వరుసగా పడతాయి. కాకపోతే హడావుడిలో ప్రశ్న నంబరు తప్పు కొడతారు. కాబట్టి నంబరు కంటే టైమునే నమ్మండి.

హాల్లో ఎవరి పక్కన ఎవరున్నారో కంటికి కనిపిస్తుంది, తెర మీద కనపడదు. జవాబు దొరికేదాకా ప్రశ్న జట్టు నుంచి జట్టుకి తిరిగే ఇన్ఫినిట్ బౌన్స్‌లో 'ఇప్పుడు ఎవరి డైరెక్ట్?' (అంటే ప్రశ్న మొదట ఎవరికి) అన్న సందేహం ప్రతి ఐదు నిమిషాలకీ వస్తుంది. షీట్‌లో జట్ల వరుసనే కుర్చీల వరుసగా పెట్టి, తర్వాతి డైరెక్ట్ ఉన్న గడికి స్కోరర్ రంగు వేస్తూ పోతే ఆ గొడవ తీరుతుంది. మార్కుల గడుల్లో డేటా వాలిడేషన్ పెట్టి 10, 0, -5 తప్ప ఇంకేదీ ఎక్కకుండా చేయండి. సున్నా బదులు 'ఓ' అక్షరం పడితే ఆ గడి అక్షరం కింద లెక్కై మొత్తంలో కలవదు, అది ఎవరూ చూడరు. షీట్ స్కోరర్‌కి తప్ప మిగతా అందరికీ చూడడానికే. క్విజ్‌మాస్టర్ స్కోరు కూడా రాయాలనుకుంటే రెండూ చెడతాయి.

బజర్ సంగతి. మొదట డిస్కార్డ్ టెక్స్ట్ ఛానెల్‌లోనే 'బజ్' అని కొట్టించాం. ఎవరి మెసేజ్ వాళ్లకి కొట్టిన వెంటనే బూడిద రంగులో కనిపిస్తుంది, సర్వర్‌కి చేరాకే అసలు వరుసలోకి వెళుతుంది. అంటే ఇద్దరు దగ్గర దగ్గరగా కొడితే ఇద్దరి తెర మీదా ఎవరికి వాళ్లే ముందు! ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, అయినా తగువు తప్పదు. రీడర్ (ప్రశ్న చదివేవాడు) తెర మీద ఉన్న వరుసే ఖాయం అని ముందే ఒప్పుకోవాలి. బ్రౌజర్ బజర్ గదిలో ఈ తిప్పలు తక్కువ, మొదటి వేటుకి మిగతావాళ్ల బటన్లు ఆగిపోతాయి. కానీ గొంతు ఒక దారిలో, బజర్ ఇంకో దారిలో ప్రయాణిస్తాయి కాబట్టి రీడర్ బజ్ చూసి ఆగేలోపు రెండు మూడు మాటలు ఎక్కువ చదివేస్తాడు. ఆ మాటల్లోనే తేలిక క్లూ ఉంటే, కొట్టినవాడికి అయాచితంగా సాయం దొరుకుతుంది. దీనికి మందు చదివే తీరులో ఉంది: క్లూకీ క్లూకీ మధ్య అర సెకను ఆగి చదవాలి. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కనుక బజర్ రౌండ్లకి వైరున్నదే వాడమనండి. ఇంత చేసినా నెట్ నెమ్మదిగా ఉన్నవాడు ప్రతిసారీ కొంచెం వెనకే. నాకౌట్ ఫలితాన్ని ఈ బజర్‌కి అప్పగించడం అన్యాయం, సాధనకి అయితే నిశ్చింతగా వాడొచ్చు.

బొమ్మలు, పాటల ప్రశ్నల్లో జవాబు కారిపోయే చిల్లులు చాలా ఉన్నాయి. ఫైలు పేరులోనే జవాబు ఉంటుంది, కాబట్టి అన్నిటికీ ప్రశ్న నంబరే పేరుగా పెట్టాలి. ఎంపీ3 లోపల పాట పేరు, గాయకుల పేరు దాగి ఉంటాయి, ఆ వివరాలు తుడిచేయాలి. వీడియో లింకు అతికిస్తే కిందనే శీర్షిక విచ్చుకుంటుంది. తెర పంచుకునేటప్పుడు శబ్దం కూడా పంపమని విడిగా టిక్ పెట్టకపోతే పాట క్విజ్‌మాస్టర్‌కి మాత్రమే వినిపిస్తుంది. టిక్ మరిచి మైక్ దగ్గర పెట్టి వాయిస్తే, చప్పుడు తగ్గించే ఫీచర్ సంగీతాన్ని కూడా చప్పుడే అనుకుని మింగేస్తుంది. 20 సెకన్ల ముక్క కత్తిరించి నేరుగా ఛానెల్‌లో పెట్టడం అన్నిటికన్నా నమ్మకం. బొమ్మలు కూడా 300 కేబీ లోపు చేసి అలాగే పెడితే నెట్ తక్కువ ఉన్నవాళ్లకీ ఒకేసారి అందుతాయి.

జవాబుల కోసం నెట్‌లో వెతుకులాటని కెమెరాలతో ఆపలేం, పైగా నెట్ భారమవుతుంది. ప్రశ్నని తెర మీద చూపించకుండా చదివి వినిపిస్తే కాపీ చేసి అతికించే వీలుండదు. అంతకంటే ముఖ్యం, ఒక్క పేరు వెతికితే తేలిపోని ప్రశ్నలు రాయడం.

ఇక నేర్చుకోవడం. క్విజ్ అయిపోగానే 15 నిమిషాలు అక్కడే ఉండి, ఎవరూ చెప్పలేని ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా విప్పుతాం. ఆ ప్రశ్నలే ఆంకీ కార్డులవుతాయి. ఉదాహరణకి గాలియం. 'గాలియం అంటే ఏమిటి?' అనే కార్డు క్విజ్‌కి పనికిరాదు, ఎందుకంటే ప్రశ్న ఎప్పుడూ అటువైపు నుంచి రాదు. మూడు కార్డులు చేయాలి. కష్టమైనది: కనుగొన్న లెకాక్ ద బ్వాబోద్రాన్ సాంద్రత 4.7 అని కొలిస్తే, 5.9 దాకా ఉండాలని మెండలీవ్ అన్న మూలకం ఏది? మళ్లీ కొలిస్తే మెండలీవ్ మాటే నిజమైంది. మధ్యస్థం: 1871లో ఏకా-అల్యూమినియంగా ఊహించగా, 1875లో దొరికింది ఏది? తేలిక: సుమారు 29.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, అరచేతిలోనే ద్రవమయ్యే లోహం? పిరమిడ్ ప్రశ్న (కష్టమైన క్లూతో మొదలై తేలిక క్లూతో ముగిసే బజర్ ప్రశ్న) కూడా ఇదే వరుసలో దిగుతుంది, కాబట్టి పై కార్డు గుర్తున్నవాడు ముందే బజర్ కొడతాడు.

ఆంకీలో రోజుకి 20 కొత్త కార్డులు అని మొదట్నుంచీ అమర్చి ఉంటుంది. అది తగ్గించండి, ఆరేడు చాలు. ఇరవై చొప్పున ఎక్కిస్తే కొన్ని వారాల్లో రోజువారీ రివ్యూలు వంద దాటి, ఒక్క రోజు మానినా గుట్ట పేరుకుని, చివరికి యాప్ తెరవడమే మానేస్తారు. ఎనిమిదిసార్లు మరిచిన కార్డుకి ఆంకీయే లీచ్ (జలగ) అని గుర్తు వేస్తుంది. దాన్ని అలాగే సాగదీయకండి, రెండు ముక్కలుగా తిరగరాయండి. జవాబు టైపు చేసే రకం కార్డులు తెలుగులో వద్దు, గాలియం అని రాసినా గేలియం అని రాసినా మనకి ఒకటే గానీ యాప్‌కి కాదు. షీట్ నుంచి కార్డులు దింపేటప్పుడు ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే రకం) ఉండాలి. గూగుల్ షీట్స్ అలాగే ఇస్తుంది, ఎక్సెల్‌లో అయితే ఆ రకాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. డెక్ (కార్డుల కట్ట) పంచుకునేటప్పుడు షెడ్యూలింగ్ సమాచారం చేర్చే టిక్ తీసేయండి, లేదంటే మీ తేదీలు ఇంకొకరి నెత్తిన పడతాయి.

అందరికీ ఒకే పెద్ద డెక్ ఇచ్చేయడం మాకు ఫలించలేదు. దింపుకుంటారు, తెరవరు. ఎవరు పోగొట్టుకున్న ప్రశ్నకి వాళ్లే కార్డు రాసి, అందులోంచి వారానికి ఐదేసి ఉమ్మడి డెక్‌లో వేస్తే ఆ డెక్ బతికింది. తర్వాతి వారం క్విజ్‌లో రెండు ప్రశ్నలు ఆ కార్డుల నుంచే వస్తాయని చెప్పండి. కొత్తగా చేరినవాళ్లు మొదటిసారి నోరు విప్పేది ఎక్కువగా ఆ రెండింటి దగ్గరే.