స్ట్రా ఫ్లవర్: విత్తనం మొక్క మేలా, కొమ్మ మొక్క మేలా?

స్ట్రా ఫ్లవర్ పెంచాలనుకునేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. విత్తనాలు తెచ్చి నారు పోసుకోవాలా, లేక నర్సరీలో పూలతో నిండుగా ఉన్న కుండీ మొక్కనే, అంటే కొమ్మ కత్తిరింపు నుంచి పెంచిన కొమ్మ మొక్కనే కొనుక్కోవాలా? రెంటి పేరూ ఒకటే, దూరం నుంచి చూస్తే పూలూ ఒకేలా ఉంటాయి. పెంచడం మొదలుపెట్టాక మాత్రం ఎత్తులో, ఆయుష్షులో, మట్టి విషయంలో పెట్టే పేచీలో ఒకదానికీ మరొకదానికీ పోలిక ఉండదు.

ముందు పేర్ల సంగతి. స్ట్రా ఫ్లవర్‌ను కాగితం పువ్వు అని కూడా అంటారు, ఆ మాట వినగానే మనకు బోగన్‌విల్లా గుర్తొస్తుంది. ఇది అది కాదు, చేమంతి కుటుంబానికి చెందిన ఆస్ట్రేలియా మొక్క. శాస్త్రీయనామం జీరోక్రైసమ్ బ్రాక్టియాటమ్. 1990లో ఈ పేరు పెట్టకముందు హెలిక్రైసమ్ అనేవారు, విత్తనాల ప్యాకెట్ల మీద ఇప్పటికీ చాలాచోట్ల అదే ఉంటుంది. కుండీ మొక్కల చీటీల మీద బ్రాక్టియాంథా అని కూడా కనిపిస్తుంది. మూడు పేర్లూ ఒకే మొక్కవి కాబట్టి పేరు చూసి ఇది వేరే రకమేమో అనుకోకండి. మనం రేకులనుకునే గరగరలాడే పొరలు నిజానికి పూరేకులు కావు, పువ్వు చుట్టూ ఉండే పుష్పపుచ్ఛాలు. అసలు పూలు మధ్యలో పసుపుగా బొత్తంలా కనిపించేవి. పొరల కణాలు పూర్తిగా ఎదిగాక వాటిలో జీవం ఉండదు, నీరూ దాదాపు ఉండదు. కోసినా వాడకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు దొరికే మొక్కల్లో రెండు పరంపరలున్నాయి. తెలుపు, గులాబి, ముదురు ఎరుపు, కంచు రంగుల్లో నిలువుగా ఎదిగే విత్తనం రకాల మూలాలు 1850ల నాటి జర్మనీ నర్సరీల్లో ఉన్నాయి. ఇవి ఏడాదిలోపు బతుకు ముగించుకునే మొక్కలు. రెండో పరంపరకు మూలం 1961లో క్వీన్స్‌లాండ్‌లోని కన్నింగ్‌హామ్స్ గ్యాప్ దగ్గర దొరికిన బహువార్షిక రకం, అంటే ఏడాదికి మించి బతికేది. డార్గన్ హిల్ మోనార్క్ పేరుతో అది తోటల్లోకి వచ్చింది. కాకటూ, ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ లాంటివి దాని సంతానమే. వీటిని కొమ్మ కత్తిరింపులతోనే పెంచుతారు. సన్‌డేజ్, మొహావే పేర్లతో కుండీల్లో అమ్మే పొట్టి రకాలు కూడా కొమ్మ మొక్కలే.

చాలామంది రంగు చూసి ఎంచుకుంటారు. నా దృష్టిలో తేల్చాల్సిన ప్రశ్న వేరు: ఈ మొక్క మీ దగ్గర ఎన్నాళ్ళు బతకాలి? స్ట్రా ఫ్లవర్ ఎండకు, పొడి గాలికి, కొంత నీటి ఎద్దడికి తట్టుకుంటుంది. వెచ్చటి మట్టిలో తడి నిలిస్తే మాత్రం చాలా త్వరగా చచ్చిపోతుంది. వేరుకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా, పిథియమ్ లాంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులకు అలాంటి మట్టే కావాలి. విత్తనం మొక్క మొలిచిన పది పన్నెండు వారాలకు పూతకొచ్చి, తర్వాత రెండు మూడు నెలలు పూసి వెళ్ళిపోతుంది. ఏడాదిలో పొడిగా, మరీ వేడి లేకుండా ఉండే అయిదు నెలలు చూసుకుని వేస్తే దాని పని అయిపోతుంది. తడి కాలం వచ్చేసరికి మీరు విత్తనాలు దాచుకుని ఉంటారు. కొమ్మ మొక్కను రెండు మూడేళ్ళు ఉంటుందనే ఆశతో కొంటాం. ఆ రెండు మూడేళ్ళలో వచ్చే ప్రతి తడి కాలాన్నీ అది దాటాలి. ఒక్క వారం సాసర్‌లో నీళ్ళు నిలిస్తే చాలు, పొద్దున బాగున్న మొక్క సాయంత్రానికి తల వాల్చేస్తుంది. అది చూసి దాహమేస్తోందనుకుని ఇంకాస్త నీరు పోస్తారు. మొక్క వాలినప్పుడు ముందు మట్టిలో రెండంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే అది దాహం కాదు, వేరు పోయింది. గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర జారిపోయే వేర్లున్న మొక్క మళ్ళీ కోలుకోదు. దాన్ని పీకి, ఆ మట్టిని తిరిగి వాడకుండా పారేయాలి.

కొమ్మ మొక్కతో ఇంకో తలనొప్పి ఇనుము. మట్టిలోంచి ఇనుము తీసుకోవడంలో ఈ మొక్క బలహీనం. పెట్యూనియా, కాలిబ్రాకోవాలతో పాటు దీన్నీ ఆ జాబితాలోనే చేరుస్తారు. మట్టి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 5.5 నుంచి 6.2 మధ్య ఉంటే ఇబ్బంది లేదు. 6.5 దాటితే ఇనుము మట్టిలో ఉన్నా కరగదు. చిగురాకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి మధ్యలో పసుపెక్కుతాయి, ముదిరితే తెల్లబడతాయి. కింది ముదురాకులు బాగానే ఉంటాయి. గుర్తుపట్టడానికి ఆధారం ఇదే: నత్రజని లోపమైతే పసుపు కిందాకుల్లో మొదలవుతుంది, ఇనుము లోపమైతే పైన. తేడా తెలియక యూరియా వేస్తే ఆకు మెత్తబడి పేనుబంక పడుతుందే తప్ప పసుపు పోదు.

ఇది విత్తనం మొక్కకూ రావచ్చు. అయితే నేలలో కొన్ని నెలలుండే మొక్కకూ, చిన్న కుండీలో ఏడాది పొడవునా గట్టి నీళ్ళు (సున్నపు లవణాలు ఎక్కువున్న నీళ్ళు) తాగే మొక్కకూ తేడా ఉంది. గట్టి నీటిలోని బైకార్బనేట్లు కుండీ పీహెచ్‌ను నెల నెలా పైకి జరుపుతుంటాయి. మొక్కను కొన్నప్పుడు లేని పసుపు నాలుగైదు నెలలకు కనిపించడానికి తరచుగా కారణం ఇదే. విరుగుడు చీలేటెడ్ ఇనుము, అంటే మట్టిలో కరిగే ఉండేలా మరో రసాయనంతో బంధించిన ఇనుము. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 లోపు ఉన్నప్పుడే సరిగా పనిచేస్తుంది, అంటే జబ్బు ఉన్నచోట అది పనికిరాదు. ఈడీడీహెచ్ఏ రకం కొనండి. 6 శాతం ఇనుమున్న పొడి లీటరు నీటికి 0.4 గ్రాములు కలిపి మట్టిలో పోయాలి. ఆకుల మీద పడితే మరకలవుతాయి, వెంటనే మంచినీళ్ళతో కడగాలి. కొత్త చిగురు పచ్చగా రావాలి, పాత ఆకు మునుపటిలా కాకపోయినా ఫరవాలేదు. ఫాస్ఫరస్ ఎక్కువున్న పూల ఎరువులు ఇనుమును ఇంకా అందకుండా చేస్తాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు.

పూలు ఎండబెట్టుకోవడానికే పెంచుతున్నారా? అయితే ఇంక ఆలోచించక్కర్లేదు, విత్తనం మొక్కే. పొడుగు రకాలు 90 నుంచి 120 సెంటీమీటర్లు ఎదిగి 30 సెంటీమీటర్లకు తగ్గని కాడలిస్తాయి. కుండీ రకాలు 30, 40 సెంటీమీటర్ల గుబురుగా ఉండి పొట్టి కాడల మీద పూస్తాయి, గుత్తి కట్టడానికి చేతికి అందవు. బయటి పొరలు రెండు మూడు వరసలు విచ్చుకుని, మధ్య పసుపు ఇంకా కనపడనప్పుడే కోయాలి. కోశాక కూడా పువ్వు విచ్చుకుంటూనే ఉంటుంది. పూర్తిగా విప్పారాక కోస్తే పొరలు వెనక్కి వంగిపోయి, నడిబొత్తం గోధుమరంగుకు మారి రాలిపోతుంది. అందరూ చేసే పొరపాటు అదే, విప్పారిన పువ్వు అందంగా ఉంటుంది కాబట్టి. మంచు ఆరాకే కోయండి, ఈ పూలు తడి తగిలితే మూసుకుంటాయి, ఆరితే తెరుచుకుంటాయి. ఎండిన ఏళ్ళ తర్వాత కూడా అలాగే చేస్తాయి. ఆకులు దూసేసి, పదేసి కాడల కట్టలు తలకిందులుగా చీకటి గదిలో, గాలి ఆడేచోట రెండు మూడు వారాలు వేలాడదీయాలి. వెలుతురు తగిలితే గులాబి రంగులు వెలిసిపోతాయి. పువ్వు కింది మెడ ఎండాక బరువు మోయలేక వంగుతుంది, అందుకే పచ్చిగా ఉండగానే 22 గేజ్ తీగను కాడలోంచి పువ్వు అడుగుకు గుచ్చుతారు. పువ్వు ఎండి ముడుచుకునేటప్పుడు తీగను బిగించి పట్టుకుంటుంది. ఎండాక గుచ్చితే పువ్వు పగిలిపోతుంది.

విత్తనంతో పెద్ద చిక్కు రంగు. మిశ్రమ ప్యాకెట్లో ఏ మొక్క ఏ రంగు పూస్తుందో పూసేదాకా తెలియదు. మీరు దాచిన విత్తనం కూడా తల్లి రంగే ఇస్తుందన్న హామీ లేదు, పరపరాగ సంపర్కం జరుగుతుంది, అంటే వేరే మొక్క పుప్పొడి వచ్చి కలుస్తుంది. ఫలానా నారింజ రంగే పది కుండీల్లో ఒకే ఎత్తున కావాలంటే కొమ్మ మొక్క తప్ప దారి లేదు. రంగు విడివిడిగా అమ్మే విత్తనాలు తెచ్చుకుంటే ఈ లోపం చాలావరకు తీరుతుంది. బ్రైట్ బికినీ లాంటి పొట్టి విత్తనం రకాలు కూడా ఉన్నాయి గనక, పొట్టి మొక్క కావాలంటే కొమ్మ మొక్కే కొనాలన్నది నిజం కాదు.

నారు పోయడంలో తప్పు ఎక్కువగా ఒక్కచోట జరుగుతుంది: విత్తనాన్ని మట్టితో కప్పేయడం. ఇది వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. మూడు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి పలుకులు) కలిపిన ట్రేలో పైన చల్లి, వేలితో అదిమి వదిలేయండి. నీరు తుంపరగా కొట్టాలి, ధారగా పోస్తే విత్తనాలన్నీ ఒక మూలకు చేరతాయి. 20 నుంచి 22 డిగ్రీల్లో వారం పది రోజుల్లో మొలుస్తాయి. మొలిచాక పై మట్టి ఆరనిస్తూ ఉండాలి, లేకపోతే నారుకుళ్ళు మొదళ్ళ దగ్గర కోసేస్తుంది. నాలుగు నుంచి ఆరు అసలు ఆకులు వచ్చాక 25, 30 సెంటీమీటర్ల దూరంలో నాటండి. 15 సెంటీమీటర్లు ఎదిగాక కొన గిల్లితే కొమ్మలు ఎక్కువ వస్తాయి, పూత కాస్త ఆలస్యమవుతుంది. పొడుగాటి కాడ మీద పెద్ద పువ్వు కావాలనుకుంటే గిల్లకండి. పొడుగు రకాలకు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున వల గాని, కర్రల ఆసరా గాని మొక్క చిన్నగా ఉండగానే కట్టాలి. పడిపోయాక లేపితే కాడలు వంకర్లు పోతాయి.

అయినా కొమ్మ మొక్కే కొనాలనుకుంటే, బాల్కనీలో నాలుగైదు కుండీలు తప్ప చోటు లేనివాళ్ళకు అది సబబే. పూత వారాల తరబడి తెంపు లేకుండా ఉంటుంది. అడుగున రంధ్రాలున్న 25 సెంటీమీటర్ల మట్టి కుండీ, రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు చివికిన కంపోస్టు, ఒక పాలు పెర్లైట్ లేదా ముతక ఇసుక, రోజుకు ఆరు గంటల ఎండ, పైన మూడు సెంటీమీటర్ల మట్టి ఆరాకే నీరు. సాసర్ తీసేయండి. పూత వెనకబట్టాక ఎత్తులో మూడో వంతు కత్తిరించాలి, కానీ కత్తిరించిన చోటుకు కింద పచ్చటి ఆకులుండాలి. ఆకుల్లేని ముదురు కాండం దాకా నరికితే మళ్ళీ చిగురించదు, ఎక్కువ మొక్కలు పోయేది ఆ కత్తెరతోనే. మొక్క ఆరోగ్యంగా ఉండగానే మొగ్గ లేని కొనలు ఏడెనిమిది సెంటీమీటర్లవి కోసి, కింది ఆకులు తీసి, సగం పెర్లైట్ సగం కోకోపీట్‌లో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేరు పోస్తాయి. ఆకుల మీద తడి ఎప్పుడూ ఉండేలా మూతపెట్టి ఉంచితే బూడిద బూజు పట్టి కుళ్ళుతాయి. రూపొందించినవాళ్ళకు చట్టపరమైన హక్కులున్న రకాలను అమ్మకానికి పెంచడం కుదరదు, చీటీ చూసుకోండి.

ఎండు పూలకు చేమంతి కుటుంబంలోనే ఇంకో రెండు మొక్కలున్నాయి. రోడాంథే గులాబి, తెలుపు పూలతో సుకుమారంగా ఉంటుంది, నారు పీకి నాటితే ఒప్పుకోదు, నేరుగా చల్లాలి, పూత ఒక్క విడతే. అమ్మోబియమ్ చిన్న తెల్లపూలు గుత్తిలో నింపడానికి పనికొస్తాయి. మొదటిసారి పెంచేవాళ్ళు ఈ రెంటినీ పక్కన పెట్టవచ్చు.

కొమ్మ మొక్క కొనేటప్పుడు పూలు లెక్కపెట్టకండి, కుండీ వంచి మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీసి చూడండి. వేర్లు తెల్లగా ఉండాలి. వాటి మీద బుడిపెలుంటే అది నులిపురుగు, ఆ మొక్కతో పాటు అది మీ తోట మట్టిలోకీ వస్తుంది. చిగురు పసుపుగా ఉన్నా, పువ్వు మధ్య ఆకుపచ్చగా వికారంగా ఉన్నా వదిలేయండి. రెండోది ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి తెచ్చే జబ్బు కావచ్చు, దానికి మందు లేదు. విప్పారిన పూలకన్నా మొగ్గలు ఎక్కువున్న మొక్కనే తీసుకోండి.