తొమ్మిది వందలకు మారేడు మొక్క: పియర్, క్విన్స్ కొనేటోళ్ళు జాగ్రత్త

పియర్, దానికి చుట్టమైన క్విన్స్ లాంటి చలిదేశపు పండ్లమొక్కలు అమ్మే ఆయన గురించే. పేరు రాయను. ఉమ్మడి వరంగల్‌ల పెరటితోట ఉన్నోళ్ళందరికీ ఆయన ఫొటోలు వచ్చే ఉంటయి. సంక్రాంతికి ముందు ఆరు పియర్‌లు 750 చొప్పున, రెండు క్విన్స్‌లు 900 చొప్పున, బస్సు పార్సిల్ 400. మొత్తం 6,700 ముందే కొట్టిన. బుద్ధి గడ్డి తిన్నది.

ముందు క్విన్స్ సంగతి. ప్రయాణంల వాడిపోకుండా ఆకు దూసి పంపినమన్నడు. సరే అనుకున్న. కణుపుల దగ్గర నిటారు ముళ్ళు కనబడ్డయి, అప్పుడన్నా తెలివి రావాలె. క్విన్స్‌కు ముళ్ళుండవు. దాని ఆకు విడివిడిగా వస్తది, అంచుకు పళ్ళుండవు, అడుగున తెల్లటి నూగు ఉంటది. నిన్న పొద్దున విచ్చిన చిగురుకు ఒక్క కాడకు మూడు ఆకులు. నూగు లేదు. నలిపి వాసన చూసిన. శివరాత్రికి వేయిస్తంభాల గుడి దగ్గర కట్ట కట్టి అమ్మే పత్రి.

ఫోన్ చేసి ఇది మారేడు కదా అంటే, తడుముకోకుండా: "క్విన్సే సార్. ఇంగ్లీషుల బెంగాల్ క్విన్స్ అంటరు, చూస్కోండ్రి."

చూసిన. నిజంగనే మారేడుకు ఆ పేరుంది. అంటే ఇది మొక్కలు మారిపోయిన పొరపాటు కాదు, నేను అడిగితే ఏం చెప్పాల్నో ముందే రెడీ పెట్టుకున్నడు. నాకు పంపిన ఫొటోల మాత్రం కశ్మీరోళ్ళు కూరల్ల వండుకునే నూగు పట్టిన పసుపు కాయ. దానికేమంటవు అంటే, "ఫొటో నమూనాకు సార్."

ఇక పియర్. లేబుల్ మీద "బార్ట్‌లెట్, లో చిల్, క్విన్స్ రూట్‌స్టాక్, మూడో ఏడు కాపు". బార్ట్‌లెట్ అంటే పియర్‌ల ఒక రకం, లో చిల్ అంటే తక్కువ చలి చాలునని, రూట్‌స్టాక్ అంటే అంటుకు కింద వేరుండే మొక్క. ఒక్క లైన్ల మూడు అబద్ధాలు. బార్ట్‌లెట్‌కు చలికాలంల 7 డిగ్రీల కింద దాదాపు 800 గంటలు కావాలె. అది నేరుగా క్విన్స్ మీద సరిగ్గ అతకదు. కొన్నేళ్ళకు గాలికి అంటు దగ్గరనే నున్నగ తెగి పడ్తది. అందుకే నడుమ క్విన్స్‌తోని అతికే బ్యూరే హార్డీ లాంటి ఇంకో పియర్ రకం ముక్క పెట్టి రెండుసార్లు అంటు కడ్తరు. ఇవన్నీ తెలిసి కూడా కొన్న. నన్ను మించిన పెద్దమనిషి ఇంకొకడు లేడు.

క్విన్స్ ఆకు చూసినంక అనుమానమొచ్చి పియర్‌ల టేపు బ్లేడుతో కోసి విప్పిన. అంటు కట్టిన మొక్కకు టేపు కింద ఏటవాలు గీత, చిన్న ఉబ్బు, పైన కింద బెరడు రంగుల తేడా కనబడాలె. ఇక్కడ ఏం లేదు. కింది నుంచి పైదాకా ఒకటే నున్నటి బెరడు, టేపు ఒత్తిన ముద్ర తప్ప. టేపు కిందికెల్లి ఒక చిగురు వచ్చింది. రూట్‌స్టాక్ క్విన్స్ అయితే ఆ ఆకు నూగుతోని ఉండాలె. దీనికి మాత్రం అంచుకు సన్నటి పళ్ళు, మీద మెరుపు, అచ్చం పై కొమ్మ ఆకే. అంటే విత్తనం మొక్కకు ఉత్త టేపు చుట్టి 750 గుంజిండు. ఆరూ అంతే. విత్తనం పియర్ కాపుకు రావాలంటే చాలా ఏండ్లు పడ్తది, వచ్చినా తల్లి కాయ రాదు.

ఇది చెప్తే ఆయనన్న మాట: "అంటుదైనా వరంగల్ ఎండల పియర్ కాస్తదా సార్? సదువుకున్నోళ్ళు, మీకు తెల్వదా?"

అమ్మేటప్పుడు "మీ వాతావరణానికి గ్యారంటీ" అన్న నోరే ఇది.

బాధేందంటే ఆ మాట మాత్రం నిజమే. మన దగ్గర జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గర్నే ఆగుతయి. ఆదిలాబాద్ దిక్కు 5, 6కు దిగిన రాత్రులున్నా, అది తెల్లారుజామున కొన్ని గంటలే. చలి చాలకపోతే చెట్టు నిద్ర పూర్తికాదు. కొస మొగ్గ ఒక్కటే విచ్చుకుంటది, పక్క మొగ్గలు మూసుకునే ఉంటయి, పూత వచ్చినా విడతలు విడతలుగా పూసి పరాగం అందక రాలుతది. పైగా ఆరు మొక్కలూ ఒకటే రకమని అమ్మిండు. పియర్‌కు అదే సమయంల పూసే ఇంకో రకం పక్కన లేకుంటే కాయ నిలవడం కష్టం. ఆసిఫాబాద్ దిక్కు కెరమెరి మండలంల ఆపిల్ కాసింది కదా అని ఆయన చెప్తడు, నమ్మకుండ్రి. ఆపిల్‌ల హెచ్ఆర్ఎంఎన్-99 లాంటి తక్కువ చలి రకాలున్నయి, బార్ట్‌లెట్ ఆ లెక్కల రాదు.

కొనాల్నంటే టేపు విప్పిన అంటు ఫొటో అడగండ్రి, ఆకు ఉన్న మొక్కనే తీసుకోండ్రి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండ్రి. పియర్ సరదా తీరకపోతే పంజాబ్ మైదానాల్ల కాసే పత్తర్‌నాఖ్ రకం, అది కైంత్ అనే అడవి పియర్ రూట్‌స్టాక్ మీద ఉన్నది చూడండ్రి, కాపు మీద ఆశ మాత్రం పెట్టుకోకుండ్రి. నిజమైన క్విన్స్ దొరికినా సున్నం ఎక్కువున్న నల్లరేగడిల పెట్టొద్దు. ఇనుము అందక ఈనెలు పచ్చగుండి ఆకంతా పసుపైతది.

డబ్బులు వాపసు అడిగితే బ్లాక్ చేసిండు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు పెడ్తున్న. ఆయన దగ్గర క్విన్స్ కొన్నోళ్ళు ఇంకెవరన్నా ఉంటే పోయి చిగురు చూడండ్రి, మూడాకులుంటే చెప్పండ్రి.