నాన్నతో ఎయిర్ అంబులెన్స్‌లో రెండు గంటలు

గుండెపోటు వచ్చిన ఆరో రోజున నాన్నని పెద్దాసుపత్రికి మార్చమన్నారు. రోడ్డు మీదైతే పద్నాలుగు గంటలు. అందుకే ఎయిర్ అంబులెన్స్ వాళ్లు ఇద్దరితో మాట్లాడాం. మొదటివాళ్లు ఎంత తొందరగా చేరుస్తారో చెప్పారు తప్ప నాన్న గుండె గురించి ఒక్క మాట అడగలేదు. రెండోవాళ్ల డాక్టరుగారు ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, హిమోగ్లోబిన్, ఛాతీ ఎక్స్‌రే పంపమన్నారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే, పైకి వెళ్లాక అది ఉబ్బి గుండెని నొక్కుతుందట. ఇక మూడోవాళ్లని వెతకలేదు.

పైన కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, తగ్గేది పీడనం. మామూలు విమానం కేబిన్‌లో పీడనం 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకి పడిపోవచ్చు. అక్కడ అందే ఆక్సిజన్, నేల మీద 15 శాతం ఉన్న గాలి పీల్చినంతే. మనలాంటి వాళ్లకైతే గుండె కాస్త వేగం పెంచి సర్దుకుంటుంది. దెబ్బతిన్న గుండెకి ఆ కాస్తే బరువు. పైగా ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుని గుండె కుడివైపు పని పెరుగుతుంది. తక్కువ ఎత్తులో ఎగిరితే కేబిన్ పీడనం నేల మీద ఉన్నట్టే ఉంచొచ్చు కానీ, ఇంధనం ఎక్కువ, కుదుపులూ ఎక్కువ. మధ్యేమార్గంగా కేబిన్ పీడనాన్ని 5,000 అడుగుల ఎత్తులో ఉన్నంత ఉంచుతామన్నారు. ఈ ప్రశ్న నేనడగలేదు, వాళ్లే చెప్పారు. మీరైతే అడగండి.

నాకు అసలు టెన్షన్ పెట్టింది ఎత్తు కాదు, టేకాఫ్. నాన్న తల పైలట్ వైపు ఉంది. విమానం వేగం అందుకోగానే రక్తం కాళ్ల వైపు జరిగి బీపీ 112 నుంచి 94కి దిగింది. డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనే పేషెంటునయ్యేదాన్ని. నిమిషంలో కోలుకుంది. పైన సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96 నుంచి 92కి వస్తే ఆక్సిజన్ కొంచెం పెంచారు, అంతే.

సిబ్బందికి వంక పెట్టలేను. దుప్పటికి మాత్రం పెడతాను. అంత పల్చటిదా? వణుకు మొదలైతే శరీరానికి ఆక్సిజన్ ఇంకా కావాలి, గుండె ఇంకా కష్టపడాలి. నా శాలువా కప్పాను. ఇంజన్ హోరులో స్టెతస్కోప్ ఎందుకూ పనికిరాదు, అంతా మానిటర్ మీదే ఆధారం. తోడు వెళ్లేవాళ్లకి ఒక్కటే సీటు, అదీ ఇరుకు.

దిగాక తీసుకెళ్లాల్సిన అంబులెన్స్ ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యం. మొత్తం ప్రయాణంలో నాన్న నాడి 110 దాటింది అప్పుడే.

"ఎగిరినంతసేపూ బానే ఉన్నానమ్మా, ఈ ఎదురుచూపే..." అన్నారు. డాక్టరుగారు సిలిండర్‌లో ఎంత మిగిలిందో చూసి, డ్రైవర్‌కి మళ్లీ ఫోన్ కలిపారు.