పదకొండేళ్ల అనుభవం: కారు ఆపిన ప్రతిసారీ హ్యాండ్ బ్రేక్ లాగాలా?

మాది హనుమకొండ. 2014లో కొన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, పదకొండేళ్లలో 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. అమ్మాయి ఉద్యోగంలో చేరాక 2022లో ఒక ఆటోమేటిక్ కూడా తీసుకున్నాం. ఈ రెండూ నడిపాక నాకు కుదిరిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారు ఆపి దిగే ప్రతిసారీ హ్యాండ్ బ్రేక్ లాగండి. నేల చదునుగా కనిపించినా సరే, రెండు నిమిషాల పనే అయినా సరే. లాగకూడని సందర్భం నాకు ఒక్కటే తగిలింది, అది చివర్లో రాస్తాను.

మొదటి మూడేళ్లు నేను లాగలేదు. డ్రైవింగ్ నేర్పినాయన "గేర్ల పెట్టి దిగితే చాలు సార్, హ్యాండ్ బ్రేక్ ఏస్తే వానకాలం పట్టేసుకుంటది" అన్నాడు. తెలిసినవాళ్లలో సగం మంది అలాగే చేస్తారు కాబట్టి నేనూ అదే పట్టుకున్నాను.

2017 ఎండాకాలంలో ఒక రోజు మధ్యాహ్నం ఊరి నుంచి వచ్చి సామాను దించడానికి కారును గేటు ముందు ర్యాంప్ మీదే ఆపాను. మా ఇల్లు రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు. ముక్కు ఇంటి వైపు, ఫస్ట్ గేర్, ఇంజన్ ఆఫ్. బియ్యం సంచి లోపల పెట్టి వచ్చేలోపు మా చెల్లెలి కొడుకు, ఆరేళ్లవాడు, డ్రైవర్ సీట్లో ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగ్ తిప్పుతూ గేర్ రాడ్ పట్టుకుని గుంజాడు. అది న్యూట్రల్‌లోకి వచ్చింది. కారు వెనక్కి జారి, రోడ్డు దాటి, ఎదురింటి ప్రహరీకి గుద్దుకుని ఆగింది. బంపర్ పగిలింది, డిక్కీ మూత సొట్టపోయింది, పిల్లవాడికి ఏమీ కాలేదు. కానీ అంతకు కొద్దిసేపటి ముందు మా అవ్వ వడియాల చాట పట్టుకుని సరిగ్గా ఆ కారు వెనకే నిలబడి ఉంది. "ఎండ మండుతున్నది" అనుకుంటూ లోపలికి వచ్చిందంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఆ ర్యాంప్ ఎక్కుతుంటే చెయ్యి దానంతటదే బ్రేక్ మీదికి పోతుంది.

పిల్లలు కారెక్కకుండా చూసుకుంటే సరిపోతుంది కదా అని మా బావ అన్నాడు. సరిపోదు. గేర్‌లో పెట్టిన కారును ఆపి ఉంచేది ఇంజన్ లోపలి కంప్రెషన్. పిస్టన్ గాలిని నొక్కి పట్టుకుంటుంది, ఆ ఒత్తిడే చక్రాలను తిరగనివ్వదు. కానీ ఆ గాలి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి కొద్దికొద్దిగా కారిపోతుంది. వాలు గట్టిగా ఉంటే కారు కాసేపు నిలబడి, ఒక్క కుదుపుతో కొంచెం జరిగి, మళ్లీ ఆగి, మళ్లీ జరుగుతుంది. పాత ఇంజన్ అయితే ఇంకా తొందరగా. పైగా మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది, అంటే గేర్ పట్టేది ముందు రెండు చక్రాలనే. హ్యాండ్ బ్రేక్ కేబుల్ పోయేది వెనక చక్రాలకు. రెండూ వేస్తేనే నాలుగు చక్రాలూ పట్టులో ఉంటాయి. ఇది తెలిశాక "గేరా, హ్యాండ్ బ్రేకా" అన్న వాదనే నాకు అర్థం లేనిదిగా అనిపించింది. రెండూ వేయాలి.

వేసే వరుస కూడా ముఖ్యం. కారు ఆగాక ఫుట్ బ్రేక్ తొక్కే ఉంచి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగుతాను. తర్వాత ఫుట్ బ్రేక్ మెల్లగా వదులుతాను. కారు ఒక అంగుళం అటో ఇటో కదిలి వెనక బ్రేకుల మీద కూర్చుంటుంది. అప్పుడు క్లచ్ తొక్కి, ఎగువకు ముక్కు ఉంటే ఫస్ట్ గేర్, దిగువకు ఉంటే రివర్స్ వేసి ఇంజన్ ఆపుతాను. ఇలా చేస్తే బరువంతా లైనర్లు (చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు లోపల నుంచి ఒత్తుకుని ఆపే బ్రేక్ పట్టీలు) మోస్తాయి, గేర్ కాపలాగా ఉంటుంది. వాలు ఎక్కువైతే స్టీరింగ్ కూడా తిప్పుతాను. కారు ఎటు జారినా రోడ్డు మధ్యకు కాకుండా రోడ్డు అంచుకు పోయేలా చక్రాలు ఉండాలి.

లాగినప్పుడు వచ్చే టక్ టక్ చప్పుడు లెక్కపెట్టడం నాకు అలవాటైంది. నా కారుకు కేబుల్ సరిగ్గా బిగించి ఉన్నప్పుడు ఐదు టక్కులకు గట్టిపడుతుంది. తొమ్మిదికి పోయిందంటే మెకానిక్ దగ్గరికి పోతాను. కేబుల్ సాగుతుంది, లైనర్లు అరుగుతాయి, రెండూ సహజమే. రోజూ లాగేవాడికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఎప్పుడో ఏడాదికోసారి లాగేవాడికి తెలియదు. అసలు వాడని కేబుల్ తొడుగు లోపలే తుప్పు పట్టి బిగుసుకుంటుంది, అవసరమైన రోజున లాగితే పట్టదు, పట్టిందంటే వదలదు. "అరిగిపోతుందని వాడను" అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఈ పదకొండేళ్లలో ఒకసారి కేబుల్, ఒకసారి వెనక లైనర్లు మార్పించాను. కేబుల్‌కు లేబర్‌తో కలిపి 1,900 రూపాయలైంది. ఆ రోజు ప్రహరీకి గుద్దుకున్న దెబ్బకు పెట్టింది దానికి పది రెట్లకు పైనే.

మరిచిపోయి హ్యాండ్ బ్రేక్‌తోనే నడిపిన రోజులు కూడా ఉన్నాయి. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఒకసారి అలా పోయాను. పూర్తిగా దించాననుకున్నాను, ఒక్క టక్కు మిగిలి ఉంది. బండి బరువుగా లాగింది, దిగాక వెనక చక్రం దగ్గర కాలిన వాసన. డాష్‌బోర్డులో ఎర్రగా గుండ్రంగా, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తుతో ఒక లైట్ ఉంటుంది చూడండి, అది అంత దూరం వెలుగుతూనే ఉంది, నేను చూడలేదు. బ్రేక్ పూర్తిగా దించాక కూడా ఆ లైట్ ఆరకపోతే అశ్రద్ధ చేయొద్దు. చాలా కార్లలో బ్రేక్ ఆయిల్ తగ్గినా అదే లైట్ వస్తుంది.

ఇక పట్టేసుకోవడం సంగతి. నాకు డ్రైవింగ్ నేర్పినాయన అన్నది అబద్ధం కాదు. 2023 జూలై ఆఖర్లో ఓరుగల్లును వరద ముంచెత్తింది గుర్తుందా, అప్పుడు మా వీధిలో నీళ్లు చక్రాల సగం దాకా వచ్చాయి. కారు హ్యాండ్ బ్రేక్ మీదే ఆరు రోజులు నిలబడింది. ఏడో రోజు స్టార్ట్ చేసి బ్రేక్ దించితే ముందు చక్రాలు లాగుతున్నాయి, వెనక ఎడమ చక్రం తిరగట్లేదు, ఈడ్చుకుంటూ వస్తోంది. మెకానిక్‌ను పిలిస్తే చూడగానే "ఎన్ని రోజులు నిలబడ్డది సార్? బ్రేక్ ఏసే ఉంచిన్రా? లైనర్ డ్రమ్ముకు అంటుకున్నది, జబర్దస్తీగా గుంజకున్రి, లైనర్ ఊడొస్తది" అన్నాడు. డ్రమ్ము మీద సుత్తితో చుట్టూ మెల్లగా కొట్టాడు. ఫస్ట్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి కొంచెం కొంచెం కదిపించాడు. నాలుగోసారికి ఠక్‌మని ఊడింది. డ్రమ్ము ఇనుము, తడి తగిలితే తుప్పు పడుతుంది. ఆ తుప్పు మీద లైనర్ నొక్కి ఉంచితే రెండూ అతుక్కుంటాయి.

అయితే ఈ ఒక్క సంఘటన చూపించి రోజూ హ్యాండ్ బ్రేక్ మానేయడం తప్పు. రాత్రి వానలో తడిసి పొద్దున్న తీసే కారుకు అలా జరగడం నాకు ఎదురుకాలేదు. మహా అయితే మొదటి అడుగులో చిన్న చప్పుడు వస్తుంది. కారు కడిగాక మాత్రం వెంటనే షెడ్డులో పెట్టేయను. ఒక చిన్న రౌండ్ వేసి, నాలుగైదు సార్లు బ్రేక్ తొక్కి, డ్రమ్ములు ఆరాక పెడతాను.

ఆటోమేటిక్ కారుకు ఇవన్నీ ఎందుకు, పి (పార్క్) లో పెడితే అయిపోయింది కదా అని మా అమ్మాయి అనేది. దీని మీద ఇంట్లో మాకు చాలా రోజులు వాదన నడిచింది. పి అంటే గేర్ బాక్స్ లోపల పళ్ల చక్రానికి అడ్డం పడే చిన్న లోహపు కొక్కెం, అంతే. బ్రేక్ కాదు. చదునులో ఏం తెలియదు. కొండగట్టు అంజన్న దర్శనానికి పోయినప్పుడు పైన వాలుగా ఉన్న చోట తను పి లో పెట్టి కాలు తీసేసింది. కారు ఒక జానెడు వెనక్కి జారి దడ్‌మని ఆగింది. తిరిగి బయల్దేరేటప్పుడు లివర్ బిగుసుకుపోయింది, గట్టిగా లాగితే లోపల పెద్ద చప్పుడు. కారు బరువంతా ఆ కొక్కెం మీద పడి ఉంది కాబట్టి అలా అయింది. అక్కడే మళ్లీ ఆపించి సరైన పద్ధతి చూపించాను. కాలు బ్రేక్ మీదే, లివర్ ఎన్ (న్యూట్రల్) లో, హ్యాండ్ బ్రేక్, కాలు మెల్లగా వదిలి కారు కుదురుకున్నాక మళ్లీ బ్రేక్ తొక్కి పి. ఈసారి లివర్ వెన్నలా కదిలింది. ఆ రోజు నుంచి తను నాకంటే కచ్చితంగా పాటిస్తోంది.

2016 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఆంటన్ యెల్చిన్ అనే హాలీవుడ్ నటుడు, 27 ఏళ్ల కుర్రాడు, తన ఇంటి ముందు వాలు దారిలో జారి వచ్చిన సొంత కారుకూ ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాడు. ఆ మోడల్ గేర్ లివర్ ఏ గేర్ వేసినా తిరిగి మధ్యలోకే వచ్చి నిలబడే రకం. పి లో ఉందో లేదో చేతికి తెలియదు. ఆ లివర్ కారణంగా అంతకు రెండు నెలల ముందే కంపెనీ ఆ కార్లను రీకాల్ చేసింది. ఆ వార్త తర్వాతెప్పుడో చదివినప్పుడు నాకు మా అవ్వే గుర్తొచ్చింది. మా అమ్మాయికి కూడా చదివించాను.

కొన్ని కొత్త కార్లలో హ్యాండ్ బ్రేక్‌కు లివర్ బదులు బటన్ వస్తోంది. మిత్రుడి కారు కొన్నాళ్లు నడిపాను, ఇంజన్ ఆపగానే బ్రేక్ దానంతటదే పడుతుంది. బాగుంది. కానీ అన్ని కార్లూ అలా చేయవు, కాబట్టి దిగే ముందు డాష్‌బోర్డులో లైట్ చూసుకోవాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే బటన్‌తో విడిపించడం కష్టమని కూడా గుర్తుంచుకోండి.

నాకు నిజంగా బాధ కలిగించేది ఫంక్షన్ హాళ్ల పార్కింగ్. ముహూర్తాల రోజుల్లో హనుమకొండలో ఏ పెళ్లికి పోయినా అదే మాట: "సార్, న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ తీసి పోన్రి, మేం నెట్టుకుంటం." ఒకదాని వెనక ఒకటి ఇరికించి, అవసరమైతే చేతులతో నెట్టి దారి చేస్తారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ కార్ల మధ్యే పిల్లలు ఆడుకుంటుంటారు. మోటారు వాహనాల చట్టం 1988లో 126వ సెక్షన్ ఉంది. డ్రైవర్ సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి లేకుండా బండిని బహిరంగ స్థలంలో వదిలి పోవాలంటే ఇంజన్ ఆపి, బ్రేక్ వేసి గానీ, వేరే ఏదైనా విధంగా గానీ బండి పొరపాటున కదలకుండా జాగ్రత్త చేసి ఉండాలని అది చెబుతుంది. నేను వాచ్‌మన్‌తో గొడవ పడను. "తమ్మీ, బ్రేక్ మాత్రం ఏస్తా, ఫోన్ చేస్తే రెండు నిమిషాల్ల వస్తా" అని చెప్పి, ఫోన్ నంబర్ కాగితం అద్దం దగ్గర పెట్టి పోతాను. ఇన్నేళ్లలో మూడు సార్లు ఫోన్ వచ్చింది, మూడు సార్లూ విస్తరి ముందు నుంచి లేచి వచ్చాను. పరవాలేదు. మేడారం జాతరలో పొలాల్లో పార్కింగ్ చేసినప్పుడు కూడా అంతే, మెత్తటి నేలే కదా అని వదిలేయలేదు.

వాలులో ఆపినప్పుడు లారీల వాళ్లలాగా చక్రం కింద రాయి పెట్టడం మంచిదే. ఒక్కటే విన్నపం, పోయేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పడేయండి. కరీంనగర్ రోడ్డు మీద రాత్రి పూట అలాంటి రాయి ఎక్కి బైకు మీంచి పడ్డ మనిషిని నేనే లేపి ఆసుపత్రిలో చేర్చాను.

ఇక లాగకూడని ఆ ఒక్క సందర్భం. వారం పది రోజులకు మించి కారు కదలదని తెలిస్తే, అదీ చదును నేల మీదైతేనే, హ్యాండ్ బ్రేక్ వేయను. 2020 లాక్‌డౌన్‌లో ఇలాగే పెట్టాను, రెండు నెలల తర్వాత సెల్ఫ్ కొట్టగానే చక్రాలు హాయిగా తిరిగాయి. పోయినేడాది బెంగళూరులో కొడుకు దగ్గర ఇరవై రోజులు ఉన్నప్పుడూ అంతే. కారు ఆరబెట్టి, షెడ్డులో పెట్టి, ఫస్ట్ గేర్ వేసి, వెనక చక్రాలకు ముందొకటి వెనకొకటి ఇటుకలు బిగించి పెడతాను. స్టీరింగ్‌కు ఒక అట్టముక్క కట్టి "ఇటుకలు తీయాలి, హ్యాండ్ బ్రేక్ లేదు" అని రాస్తాను, ఎందుకంటే తాళం చెవి ఇంట్లో ఎవరి చేతికైనా దొరకవచ్చు. వాలులో అయితే మాత్రం ఎన్ని రోజులైనా బ్రేక్ వేయాల్సిందే. పట్టేసుకుంటే మెకానిక్ వచ్చి సుత్తితో విడిపిస్తాడు.