గోల్ఫ్ శిక్షణ కేంద్రం: వృత్తి క్రీడాకారిణి కావాలనుకునే అమ్మాయికి ఎంతవరకు ఉపయోగం?

మా అమ్మాయి శిక్షణ పొందుతున్న హైదరాబాద్ శివారులోని గోల్ఫ్ కేంద్రం గురించి, అమెచ్యూర్ (డబ్బు కోసం కాకుండా ఆడే) స్థాయి దాటాలనుకునే అమ్మాయిల తల్లిదండ్రుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఇక్కడి ప్రధాన బలం పటింగ్, అంటే బంతిని నేలపై దొర్లించి రంధ్రంలో వేయడంలో శిక్షణ. రంధ్రానికి ఆరడుగుల దూరంలో, పటర్ (పటింగ్‌కు వాడే కర్ర) తల మాత్రమే పట్టేంత సందు వదిలి రెండు టీలు (బంతిని నిలిపే చిన్న పుల్లలు) గుచ్చుతారు. వాటిని తాకకుండా వరుసగా బంతులు వేయగలిగేవరకు కోచ్ డ్రైవర్‌ను, అంటే బంతిని దూరంగా కొట్టే కర్రను, ముట్టుకోనివ్వరు. ఈ పట్టుదల సబబే అంటాను, ఎందుకంటే బెంగళూరుకు చెందిన అదితి అశోక్ దూరంగా కొట్టే క్రీడాకారిణి కాకపోయినా, టోక్యో ఒలింపిక్స్‌లో ప్రధానంగా పటింగ్ బలంతోనే నాలుగో స్థానంలో నిలిచి, ఒక్క స్ట్రోక్ (బంతిని కొట్టే దెబ్బ) తేడాతో పతకం కోల్పోయింది.

వృత్తిలోకి తొందరపడి దూకమని ఒత్తిడి చేయకపోవడం కూడా మెచ్చుకోదగిన విషయం. అదితి 2015 డిసెంబరులో అమెచ్యూర్‌గానే లేడీస్ యూరోపియన్ టూర్ (యూరప్ మహిళా వృత్తి గోల్ఫ్ పోటీల పరంపర) అర్హత పోటీ గెలిచి, 2016 జనవరిలో వృత్తి క్రీడాకారిణిగా మారి, అదే ఏడాది ఇండియన్ ఓపెన్ గెలుచుకుంది. అమెచ్యూర్ హోదా నిబంధనలను, ముఖ్యంగా 2022 నుంచి అమలవుతున్న అమెచ్యూర్లు తీసుకోగల బహుమతికి వెయ్యి డాలర్ల పరిమితిని, కోచ్ ఓపికగా వివరించారు.

లోపాలూ ఉన్నాయి. బంకర్లలో (మైదానంలోని ఇసుక గుంటల్లో) ఇసుక గట్టిపడిపోయింది, క్యాడీ (కర్రల సంచి మోసే సహాయకుడు) రుసుము విడిగా కట్టాలన్న సంగతి చేరేటప్పుడు చెప్పలేదు. టోర్నమెంట్ల ప్రయాణ ఖర్చు ఎలాగూ మనదే కనుక, రుసుముల పట్టిక ముందే రాతపూర్వకంగా తీసుకోండి.