జాగ్రత్త: వెన్ను ఇంజెక్షన్లకు మూడింటి డబ్బు ముందే కట్టకండి

సయాటికాకు, అంటే నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పికి, వెన్నులో ఇంజెక్షన్ చేయించుకోవాలని చూస్తున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మా అమ్మకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

అమ్మకు నడుములో మొదలై పిరుదు మీదుగా పాదం దాకా లాగే నొప్పి. క్లినిక్‌లో ఎమ్మారై చూసి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు నరాన్ని నొక్కుతోందని, ఎక్స్‌రే తెరపై చూస్తూ నరం పక్కనే స్టెరాయిడ్ మందు వేస్తామని చెప్పారు. వెంటనే మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ గురించి చెప్పి, ఈ రోజే కడితే తగ్గింపు ఇస్తామన్నారు. మొత్తం కట్టించుకున్నారు. మొదటి ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గలేదు సరికదా, షుగరు విపరీతంగా పెరిగింది. అమ్మకు మధుమేహం ఉందని ముందే రాసిచ్చాం. స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చని, తరచూ చూసుకోవాలని ఒక్కరూ చెప్పలేదు. మిగిలినవి వద్దంటే, మూడూ పూర్తయితేనే గుణం కనిపిస్తుందన్నారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఈ మాటే. మూడు వేస్తేనే పనిచేస్తుందనడానికి వైద్యపరమైన ఆధారం లేదు. మొదటిదానితో ఎంత ఉపశమనం వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది అన్నది చూశాకే రెండోది అవసరమో కాదో తేల్చాలి. అసలు ఈ ఇంజెక్షన్ డిస్కును బాగుచేయదు. నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది, అదీ చాలామందికి కొద్ది కాలమే. సయాటికా చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. కాలికి పాకని నడుము నొప్పికైతే వెన్ను ఇంజెక్షన్లు ఇవ్వవద్దని బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. తీవ్రమైన, ఇటీవలే మొదలైన సయాటికాకు మాత్రం వాటిని పరిశీలించవచ్చంది.

రెండో సంగతి, ఆ తెర మీది బొమ్మలు. మేము అడిగితే భద్రపరచలేదన్నారు. సి-ఆర్మ్ అనే, సూది కదలిక తెరపై చూపే ఎక్స్‌రే కింద చేసేటప్పుడు సాధారణంగా ముందు కొద్దిగా రంగు మందు ఎక్కించి, అది నరం వెంట పారుతోందా, రక్తనాళంలోకి పోతోందా అని చూస్తారు. ఆ చిత్రాలే సూది సరైన చోట ఉందనడానికి సాక్ష్యం. వాటి ప్రతి ఇస్తారా అని ముందే అడగండి. ఏ స్టెరాయిడ్ వాడతారో కూడా అడగండి. ట్రయామ్‌సినలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్‌ లాంటి రేణువులున్న మందు పొరపాటున వెన్నుపాముకు రక్తం అందించే ధమనిలోకి వెళితే దారి మూసుకుపోవచ్చు. డెక్సామెథసోన్‌లో అలాంటి రేణువులు ఉండవు. వెన్నులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం కూడా సంభవించాయని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అరుదే, కానీ సంతకం చేయించుకునే ముందు అది చెప్పి తీరాలి.

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి, అయితే వాటిని మీ అంతట మీరు ఆపకండి. రాసిచ్చిన వైద్యుడే నిర్ణయించాలి.

ఒకటి మాత్రం ఎవరూ వాయిదా వేయకండి. మూత్రం రాకపోవడం లేదా అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం, ఇంజెక్షన్ తర్వాత జ్వరంతో తీవ్రమైన తలనొప్పి: వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.