పడకగదికి నీలమా, పీచ్ రంగా: ఏది మేలు?

పడకగదికి ఏ రంగు వేయించాలని అడిగితే ఎక్కువమంది చెప్పేది నీలమే. మనసుకు ప్రశాంతంగా ఉంటుందంటారు. పీచ్, ఆరెంజ్ లాంటివి టెన్షన్ పెంచుతాయని భయపెడతారు కూడా. నా ఓటు మాత్రం లేత పీచ్‌కే.

నీలం హాయిగా ఉంటుందన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ 1994లో వాల్డెజ్, మెహ్రాబియన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, అది ఏ రంగు అన్నదాని కన్నా ఎంత లేతగా ఉంది, ఎంత గాఢంగా ఉంది అన్నదే మనసు మీద ఎక్కువ ప్రభావం చూపింది. కొట్టొచ్చినట్టుండే నీలం కన్నా కళ్లకు గుచ్చుకోని పీచే నెమ్మదిగా అనిపించడంలో వింతేమీ లేదు. ఫలానా రంగు ఫలానా గుణం తెస్తుందని గట్టిగా చెప్పేవాళ్లను నేను అంత తేలిగ్గా నమ్మను. కోపం తగ్గిస్తుందని 1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళ జైలు గదికి గులాబీ రంగు వేశారు. తర్వాత పకడ్బందీగా పరీక్షిస్తే ఆ మహిమ కనిపించలేదు.

అసలు తేడా రాత్రి తెలుస్తుంది. పడకగదిలో మనం మెలకువగా గడిపేది ఎక్కువగా చీకటి పడ్డాకే కదా. 2700 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత) పసుపు బల్బు వెలుగులో నీలం పాలు తక్కువ. అందుకే పగలు ఆకాశంలా ఉన్న గోడ ఆ లైటు కింద బూడిద రంగుకు తిరిగి, దిగులుగా కనిపిస్తుంది. అదే వెలుగులో పీచ్ ఇంకాస్త నిండుగా, వెచ్చగా ఉంటుంది. నీలం కోసం తెల్ల బల్బు పెట్టుకోవచ్చు గానీ, పడుకునే ముందు ఆ వెలుగు నిద్రకు అంత మంచిది కాదు.

ఎండ దండిగా పడే గదైతే, పగలు కూర్చుని చదువుకునే గదైతే నిస్సందేహంగా నీలమే వేయించండి. వెలుగు ఎక్కువైన చోట అది చల్లగా కనిపిస్తుంది.

ఏది ఎంచుకున్నా షేడ్ కార్డులోని చిన్న ముక్కను చూసి ఖాయం చేయకండి. గోడలు ఒకదాని రంగును ఒకటి ప్రతిఫలించుకుంటాయి కాబట్టి, నాలుగు గోడలకూ వేశాక రంగు మరింత చిక్కగా కనిపిస్తుంది. పెద్ద అట్టకు రెండు కోటింగులు వేసి, గోడకు ఆనించి, పొద్దున ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూడండి. నచ్చిన షేడ్ కన్నా ఒక మెట్టు లేతది తీసుకుంటే సరిపోతుంది.